అరవై రూపాయల నల్ల ముక్క

మా నాయన దగ్గర 2004 మోడల్ స్ప్లెండర్ ఒకటుంది. ట్యాంకు మీద ఇంకా 'హీరో హోండా' అనే ఉంటుంది. ఆ రెండు కంపెనీలూ ఎప్పుడో విడిపోయాయి, మా నాయనకు ఆ సంగతి పట్టదు. "బండి నడుస్తాంది గదా" అంటాడు. ఆ బండి మీదే నన్ను బడిలో దించేవాడు. ఆ బండి మీదే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లాడు. ఇప్పుడు ఆయనకు అరవై రెండేళ్లు, షుగర్ ఉంది. అయినా రోజుకొక్కసారి ఆ బండెక్కి పొలానికి పోయి రాకపోతే ఆయనకు తోచదు.

ఈ వారం ఆ బండికి నేను చేసిన రిపేరు గురించి రాస్తున్నా. రిపేరు అనడం మర్యాద కోసం. నిజానికి అది నేను చేసిన తప్పు.

మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లలో నేనూ ఒకణ్ని. మూడో ఏడు ఐసీ ఇంజిన్స్ పేపర్లో 'సింపుల్ కార్బ్యురేటర్ పటం గీసి వివరించండి' అని ఖాయంగా వచ్చేది. ఫ్లోట్ చాంబర్, జెట్, వెంచురీ అన్నీ స్కేలు పెట్టి గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నా. అన్నిసార్లు గీసినా ఒక్కసారి కూడా నిజం కార్బ్యురేటర్‌ని చేత్తో పట్టుకోలేదు. ఆ తర్వాత పట్టుకోవాల్సిన అవసరమూ తగ్గిపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. కానీ మన ఊళ్లలో తిరిగే బండ్లన్నీ కొత్తవి కావు కదా!

ఏప్రిల్ చివర్లో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని జమ్మలమడుగు దగ్గరున్న మా ఊరికి వచ్చా. అప్పటికే బండి సతాయిస్తోంది. కార్బ్యురేటర్ అడుగు నుంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. రెండుసార్లు కడిగించినా అదే తంతు. లోపల స్లైడ్ అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నారట. "ఇంత దానికి మెకానిక్ ఎందుకు నాయనా, నేను బిగిస్తా" అన్నా. ఫోన్లో ఆర్డర్ పెట్టా. నాలుగో రోజుకు డబ్బా వచ్చింది. అందులో తళతళలాడే కార్బ్యురేటర్ ఒకటి, పలచటి కాగితం గ్యాస్కెట్ ఒకటి. అంతే. కాగితమ్ముక్క మీద కూడా ఎలా బిగించాలో రాసి లేదు.

ఆ నల్లది పెట్టవా?

ఆదివారం పొద్దున వేపచెట్టు కింద బండి పెట్టి పాతది విప్పా. కార్బ్యురేటర్‌కీ, ఇంజిన్‌లోకి వెళ్లే పైపుకీ మధ్య ఒక నల్లటి దిమ్మె ఉంది. ఇరవై ఏళ్లుగా అతుక్కుపోయి రానంటోంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తా. టప్‌మని ఒక చెవి విరిగింది.

చేతిలోకి తీసుకుని చూశా. బరువు లేదు, లోపల జెట్ లేదు, స్ప్రింగ్ లేదు. మధ్యలో ఒక కన్నం, అటూ ఇటూ బోల్టులకు రెండు కన్నాలు. ఇదేదో సందు నింపడానికి పెట్టిన ముక్క అనుకున్నా. కొత్త డబ్బాలో ఇలాంటిది రాలేదంటే కొత్త మోడల్‌కి అవసరం లేదని అర్థం. నా తర్కం అది.

నాయన పక్కనే మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. "ఏంరా, ఆ నల్లది పెట్టవా?" అన్నాడు.

"అక్కర్లేదు నాయనా, కొత్తదానికి అది రాదు."

ఆయన ఇంకేం అనలేదు.

కాగితం గ్యాస్కెట్ పెట్టా, కార్బ్యురేటర్ ఆనించా, బోల్టులు బిగించా. ఎక్కువ తిరగకుండానే గట్టిగా పట్టేశాయి. ఆహా, ఎంత బాగా కూర్చుంది అనుకున్నా. సాయంత్రం చల్లబడ్డాక ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఊరి చివర దాకా వెళ్లొచ్చా. ఐడిల్ కాస్త పైకీ కిందకీ ఊగుతుంటే స్క్రూ తిప్పి సర్దేశా. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ అయిపోయింది, ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయింది.

ఆరు మిస్డ్ కాల్స్

మే రెండో వారం. గండికోటలో మాకు చుట్టాలున్నారు. యూట్యూబ్‌లో పెన్నా లోయ చూసి అక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవనుకుంటారు చాలామంది. కోట గోడల లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారంతో పాటు ఒక ఊరు కూడా ఉంది. మనుషులున్నారు, పెళ్లిళ్లున్నాయి. ఆ పెళ్లి పని మీదే నాయన మధ్యాహ్నం బండి వెనక బియ్యం మూట కట్టుకుని బయల్దేరాడు. జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. చివర్లో ఎర్రమల కొండల మీదికి ఎక్కుడు. ఆ ఎండలో ఆ దారిన నీడ కోసం వెతుక్కోవాలి.

నేను మీటింగులో ఉన్నా. ఫోన్ సైలెంట్. బయటికొచ్చి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే నాయన ఎత్తడం లేదు. అమ్మ ముఖం చూశా. పక్కింటి అన్న స్కూటర్ తీసుకుని పరిగెత్తా.

ఎక్కుడు మొదలైన చోట, చిన్న కంపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఎండది కాదని, షుగర్ పడిపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. దారిలో కొన్న కూల్‌డ్రింక్ తాగించా. పది నిమిషాలకు మాట తిన్నగా వచ్చింది.

జరిగింది ఇదీ. ఎవరో ఫోన్ చేస్తే బండి ఆపి ఐదు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత కిక్కు కొడితే స్టార్ట్ కాలేదు. కొట్టీ కొట్టీ అలసిపోయి, మూటతో సహా తోసుకుంటూ నడిచాడు. నాకు ఫోన్ చేశాడు. నేనెత్తలేదు.

"బండి మంచిదేరా. ఎండ ఎక్కువైంది" అన్నాడు.

నేను లేచి బండి దగ్గరికెళ్లి ఒక్క కిక్కు కొట్టా. స్టార్టయింది!

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ బాధ తెలుసు. మనం చూసేటప్పుడు బగ్ కనబడదు. మనం లేనప్పుడే వస్తుంది.

ఎక్కడ తప్పింది?

మర్నాడు లీవు పెట్టా. మధ్యాహ్నం అదే ఎండలో ఎనిమిది కిలోమీటర్లు నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి కిక్కు కొట్టా. స్టార్ట్ కాలేదు. ప్లగ్ విప్పితే పెట్రోలుతో తడిసి ఉంది. అరగంట తర్వాత కొడితే మొదటి కిక్కుకే అందుకుంది. అంటే ఇది వేడికి సంబంధించిన గొడవ.

ఇంటికొచ్చి సబ్బునీళ్లు స్ప్రే బాటిల్లో పోసుకున్నా. ఇంజిన్ నడుస్తుండగా కార్బ్యురేటర్ అతుకు చుట్టూ కొట్టా. నీళ్లు పడగానే ఐడిల్ మారింది. అంటే అక్కడి నుంచి గాలి దూరుతోంది. ఇది రెండో గొడవ.

ప్రొద్దుటూరులో నాయనకు తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు. యాభై దాటిన మనిషి. కార్బ్యురేటర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు. బోల్టులు అంత గట్టిగా ఉన్నా, అది వెంట్రుకవాసి కదిలింది.

"ఏమప్పా, దీంట్లో బేకలైట్ యాడ?" అన్నాడు.

"ఏ బేకలైటు?"

నా వైపు ఒకసారి, నాయన వైపు ఒకసారి చూశాడు. నాయన మెల్లగా జేబులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో నేను పారేసిన విరిగిన నల్ల ముక్క! పాత బోల్టుల డబ్బాలో దాచి, వచ్చేటప్పుడు తెచ్చాడు.

"ఉండాలనే తెలుసు గదా, మరి నాకు చెప్పలేదేం నాయనా?" అన్నా.

"అడిగినా గదరా. అక్కర్లేదన్యావ్. నువ్వు సదువుకున్నోడివి, తెలిసే పీకేసినావ్ అనుకున్యా."

ఇంతవరకూ ఏ కోడ్ రివ్యూలోనూ ఇంత దెబ్బ తగల్లేదు.

కుక్కర్లో ఉన్నదే

ఆ నల్ల ముక్కను స్పేసర్ అనండి, ఇన్సులేటర్ అనండి, భాయ్ లాగా బేకలైట్ అనండి. అదెందుకో నాకు అర్థమైంది భాయ్ చెప్పినప్పుడు కాదు, ఆ రాత్రి వంటింట్లో అమ్మకు చెప్పబోయినప్పుడు.

"అంటే కుక్కర్ పిడి లాంటిదా?" అంది.

సరిగ్గా అదే. కుక్కర్ ఒళ్లు అల్యూమినియం, కాలుతుంది. పిడి నల్ల బేకలైటు, పట్టుకోవచ్చు. 1907లో లియో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ప్లాస్టిక్ ఇది. అల్యూమినియంతో పోలిస్తే వేడిని వందల రెట్లు తక్కువగా పంపుతుంది. ఇంజిన్ వేడి కార్బ్యురేటర్‌కి చేరకుండా మధ్యలో అడ్డం నిలబడడమే స్పేసర్ పని.

బండి నడుస్తున్నంతసేపూ చల్లటి గాలి లోపలికి వస్తుంటుంది, పెట్రోలు ఆవిరవుతూ కార్బ్యురేటర్‌ని చల్లబరుస్తుంటుంది. బండి ఆపగానే ఈ రెండూ ఆగిపోతాయి. ఇంజిన్ మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. ఆ వేడి నేరుగా కార్బ్యురేటర్‌కి పాకుతుంది. పెట్రోలు నీళ్లలా ఒకే డిగ్రీ దగ్గర మరగదు. అందులో తేలికపాటి భాగాలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఆవిరి కావడం మొదలుపెడతాయి. మా కడప జిల్లాలో మే నెల ఎండే అంతుంటుంది! గిన్నెలో పెట్రోలు పొంగి, ఆవిరంతా గొంతులో నిండి, ప్లగ్ తడిసిపోతుంది. ఐదు నిమిషాలు ఆపితే మొండికేయడం, అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ కావడం ఇందుకే. నేను టెస్ట్ చేసింది చల్లటి సాయంత్రం, మధ్యలో ఆపకుండా. బగ్ ఎలా కనబడుతుంది?

"మరి గాలి దూరడమేంది?" అంది అమ్మ.

అది గ్యాస్కెట్ కథ. కుక్కర్ గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే విజిల్ రాదు, ఆవిరంతా పక్కల నుంచి పోతుంది. ఇక్కడ రివర్స్. లోపల ఇంజిన్ గాలిని పీలుస్తుంటుంది కాబట్టి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క చూసుకునేది కార్బ్యురేటర్. దాన్ని దాటాక పక్కనుంచి దూరే గాలికి లెక్కాపత్రం ఉండదు. చెరువు కట్టకు గండి పడ్డాక తూము తిప్పి ఏం లాభం? మిశ్రమం పలచబడుతుంది, ఐడిల్ ఊగుతుంది, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. నేను ఐడిల్ స్క్రూ తిప్పి సర్దింది ఆ గండినే.

బోల్టులు గట్టిగానే ఉన్నాయి కదా? భాయ్ ఒకటి విప్పి చూపించాడు, కొన నలిగి మెరుస్తోంది. స్పేసర్ మందం కూడా లెక్కేసి ఇచ్చిన బోల్టులవి. స్పేసర్ తీసేస్తే అంత పొడవు మిగిలిపోయి, కన్నం అడుగుకు తగిలి ఆగిపోయాయి. చేతికి బిగువు తెలిసింది, కార్బ్యురేటర్‌కి మాత్రం పట్టు దొరకలేదు. ఒక్క ముక్క తీసేస్తే రెండు రోగాలు వచ్చాయి.

ఈసారి సరిగ్గా

విరిగిన ముక్క పక్కన పెట్టి కొలిచి భాయ్ కొత్తది ఇచ్చాడు. స్పేసర్, గ్యాస్కెట్, ఓ-రింగ్ కలిపి 60 రూపాయలు. "నేను బిగియ్యను, నువ్వే బిగియ్, నేను చూస్తా" అన్నాడు. ఆ గంటలో నేర్చుకున్నది వరసగా రాస్తున్నా. మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే ఈ పేజీ సేవ్ చేసుకోండి.

ఒకటి. విప్పేముందే ఫోటోలు తీయండి. ఏ ముక్క తర్వాత ఏది, ఏ వైపు తిరిగి ఉంది అన్నీ పడాలి. కొనడానికి పాత ముక్కలన్నీ పట్టుకెళ్లండి. బోల్టు కన్నాల మధ్య దూరం, మధ్య కన్నం సైజు, మందం మూడూ కలవాలి. గ్యాస్కెట్ కన్నం చిన్నదైతే అంచు గాలిదారిలోకి పొడుచుకొస్తుంది.

రెండు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పెట్రోల్ కాక్ మూసి, గిన్నెలో ఉన్నది సీసాలోకి దించండి. పక్కన బీడీ, సిగరెట్, పొయ్యి ఏవీ ఉండకూడదు.

మూడు. పైపు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా సిలిండర్ గీసుకుపోతుంది. బిగించే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోవద్దు.

నాలుగు. పాత గ్యాస్కెట్‌ని స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. నా దగ్గర ఎక్స్‌పైర్ అయిన ఏటీఎం కార్డు ఉంది, దాని కొసతో గీకా. తర్వాత కార్బ్యురేటర్ ముఖాన్ని అద్దమ్ముక్క మీద ఆనించి చూడండి. గడగడ ఊగితే అది వంగినట్టు. అద్దం మీద సన్న ఎమెరీ కాగితం పరిచి, తడిపి, నెమ్మదిగా రుద్దితే చదునవుతుంది.

ఐదు. ముఖంలో గాడి ఉండి, అందులో ఓ-రింగ్ కూర్చునేదైతే ఆ వైపు మళ్లీ కాగితం గ్యాస్కెట్ పెట్టకూడదు. రింగ్ నొక్కుకోక అక్కడే గాలి దూరుతుంది. రెండు పెడితే రెట్టింపు గట్టి అనుకోవద్దు.

ఆరు. సిలికాన్ పేస్ట్ పూయొద్దు. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి, పొరలుగా ఊడి లోపలికి పోతుంది.

ఏడు. రెండు బోల్టులూ ముందు చేత్తో, తర్వాత చిన్న స్పానర్‌తో, ఇటు కొంచెం అటు కొంచెం బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకుంటే ముఖం వంగుతుంది. 6 ఎంఎం బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో చాలు. "పెండ్లికూతురి గాజు తొడిగినట్టు ఉండల్ల" అన్నాడు భాయ్. బలం చూపించడానికి ఇది జిమ్ కాదు.

ఎనిమిది. స్టార్ట్ చేసేముందు యాక్సిలరేటర్ తిప్పి వదలండి. లోపల స్లైడ్ టక్‌మని కిందికి పడాలి. పడకపోతే గాడి తప్పి కూర్చున్నట్టే. ఆ స్థితిలో కిక్కు కొడితే ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అయిపోతుంది, గేరులో ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది.

తొమ్మిది. ఇంజిన్ వేడెక్కాక సబ్బునీళ్లతో లీకు చూడండి. కొందరు ఈ పరీక్ష పెట్రోలు చల్లి చేస్తారు, మీరు చేయొద్దు. ఐడిల్ నిలకడగా ఉంటేనే స్క్రూల జోలికి వెళ్లండి. తర్వాత ఎండలో నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ కొట్టి చూడండి. ఆ కిక్కే అసలు పరీక్ష.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత బండ్లలో మిశ్రమం ఎలాగూ కాస్త పలచనవుతుంది. పాతకాలం రబ్బరుకు కూడా అది అంత మంచిది కాదు. దానికి గాలి లీకు కూడా తోడైతే ఇంజిన్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది. ఎప్పుడు విప్పినా రింగులు, గ్యాస్కెట్లు కొత్తవే వేయండి. పది, ఇరవై రూపాయల దగ్గర పీనాసితనం వద్దు.

మళ్లీ గండికోట

పెళ్లి రోజు ఇద్దరం అదే బండి మీద వెళ్లాం. నాయన నడుపుతున్నాడు, నేను వెనక. ఎక్కుడు మొదలైన చోట, ఆ కంపచెట్టు దగ్గర "ఒక్క నిమిషం ఆపు నాయనా" అన్నా. ఎందుకని అడగలేదు, ఆపాడు. సరిగ్గా ఐదు నిమిషాలు ఫోన్లో టైమ్ చూస్తూ నిలబడ్డా. పైన ఎండ, కింద వేడెక్కిన ఇంజిన్. నా గుండె ఏ రిలీజ్ నాడూ అంతలా కొట్టుకోలేదు.

నాయన కిక్కు కొట్టాడు. ఒక్కటే కిక్కు.

ఆయన వెనక్కి తిరిగి "ఇంగ పోదామా?" అన్నాడు. అంతే. మెచ్చుకోలేదు, దెప్పలేదు.

తిరిగొచ్చాక పాత బోల్టుల డబ్బా తెరిచి చూశా. విరిగిన నల్ల ముక్క మళ్లీ అందులోనే ఉంది.

"కొత్తది వేశాం గదా, ఇంకెందుకు నాయనా ఇది?"

"ఉండనీలేరా. తిండి తింటాదా ఏమన్నానా?"

ఇప్పుడు ఏ బండి విప్పినా నాదొకటే రూలు. ఒక ముక్క ఎందుకుందో తెలియకపోతే దాన్ని పారేయను. పక్కన మంచం మీద కూర్చున్న మనిషి "అది పెట్టవా?" అని అడిగితే, జవాబు చెప్పే ముందు స్పానర్ కింద పెట్టి "ఎందుకు నాయనా?" అని అడుగుతా.